సత్యభామ బయట ఉంది

తప్పు మీది. తెల్లటి గోడల క్లినిక్కు కట్టి, మధ్యలో చేపల తొట్టె పెట్టి, గుమ్మం పక్కన ఇరవై భాషల్లో 'స్వాగతం' అని అంటించి, ఆ ఇరవైలో ఒక్క భాషకైనా ఫోను ఎత్తని మీది. వైద్యం అందరికీ అందిపోయిందని ఏటేటా రిపోర్టులు అచ్చేసుకుని ఒకరి భుజం ఒకరు తట్టుకునే మీది. ఒక పెద్దావిడ ఒంట్లో సంగతిని పందొమ్మిదేళ్ళ పిల్ల నోట్లో పెట్టి, "నీకొచ్చుగా, నువ్వే చెప్పేసెయ్" అని చేతులు దులుపుకున్న మీది. పిల్లది కాదు. పెద్దావిడది అంతకన్నా కాదు. ఏం జరిగిందో వినండి.

పిల్ల పేరు అనన్య. పెర్త్ ఊరి చివర పియారా వాటర్స్‌లో ఇల్లు. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. యూనివర్సిటీలో రెండో ఏడు, ప్రజారోగ్యం చదువుతోంది. ఆ సెమిస్టర్ మొదట్లోనే ఒక పెద్ద అసైన్‌మెంటు నెత్తిన పడింది: ప్రపంచంలో ప్రతి మనిషికీ వైద్యం అందాలంటే ఏం చెయ్యాలి? అనన్య మహా హుషారుగా మొదలుపెట్టింది. ఆఫ్రికాలో ఆసుపత్రికి ఎన్ని కిలోమీటర్లు నడవాలి, ఎక్కడ రోడ్డు లేదు, ఎక్కడ కరెంటు లేదు అన్నీ వెతికి మ్యాపులు గీసింది, రంగులు వేసింది. ఆ మ్యాపుల్లో ఆ పిల్ల పెరటి వరండా మాత్రం లేదు.

అనన్యది వంటింట్లో పుట్టి భోజనాల బల్ల దగ్గర ఆగిపోయిన తెలుగు. పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పగలదు. తలనొప్పిగా ఉందని చెప్పగలదు. తిడితే మాత్రం పూర్తిగా అర్థమవుతుంది, తిరిగి ఇంగ్లీషులో తిడుతుంది.

ఆ తెలుగు నేర్పింది నానమ్మ సత్యభామ. బాపట్ల మనిషి. అరవై రెండేళ్ళు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చి ఆరేళ్ళయింది. పర్మనెంట్ వీసా ఉంది, ప్రభుత్వం వారి ఆరోగ్యం కార్డు ఉంది. కొడుకు మల్లికార్జున గనుల్లో ఇంజనీరు, రెండు వారాలు ఎడారిలో, ఒక వారం ఇంట్లో. కోడలు శ్యామసుందరి ఒక బ్యాంకుకి ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది, పొద్దున్నే చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుంటే సాయంత్రానికి గాని తియ్యదు.

ఆ ఎండాకాలం నానమ్మ పెరటి వరండాలోకి మారిపోయింది. అక్కడొక మడత మంచం, ఒక చాప, ఒక కంచం, ఒక స్టీలు గ్లాసు. పగలంతా అక్కడే. రాత్రి మాత్రం లాండ్రీ గది తలుపులోంచి చప్పుడు కాకుండా తన గదికి వెళ్ళి పడుకునేది. అడిగితే ఏసీ పడట్లేదంది. నాలుగు రోజులు లోపలికి వచ్చేది, మళ్ళీ వారం వరండాలోనే. అత్తయ్యకి గాలి ఇష్టం అనుకుంది శ్యామసుందరి. పెర్త్‌లో ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రం మీంచి ఒక చల్లగాలి వీస్తుంది. దానికి అక్కడి జనం పెట్టుకున్న పేరు 'డాక్టర్'. ఆ రెండు నెలలూ సత్యభామని రోజూ వచ్చి పలకరించిన డాక్టరు అదొక్కటే.

ఒక మంగళవారం సత్యభామ మనవరాలిని వరండాలోకి పిలిచింది.

"అనూ, ఇవాళ నీకు యూని లేదుగా? నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మీ అమ్మతో అనకు."

"వై? ఏమైంది నానమ్మా?"

"ఏం కాలా. నీరసంగా ఉంటోంది. మీ అమ్మతో అన్నావో, నీకు జన్మలో బొబ్బట్లు చెయ్యను."

బెదిరింపు పనిచేసింది. కారులో ఎనిమిది నిమిషాలు. క్లినిక్కులో రిసెప్షన్ ఆవిడ కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే అడిగింది, "ఆవిడకి ఇంగ్లీషు వచ్చా?"

"నాట్ మచ్. తెలుగు."

"నీకొచ్చుగా డార్లింగ్? ఇంకేం!" అని ఒక గడిలో టిక్కు కొట్టింది. అనన్యకి కాస్త గర్వం కూడా కలిగింది. ఎవరికైనా కలుగుతుంది ఆ వయసులో.

డాక్టరు హోలిస్ మంచివాడే. నవ్వుముఖం. కాకపోతే ఒక్కో మనిషికి పదిహేను నిమిషాలు, అందులో నాలుగు టైపు చెయ్యడానికే. "చెప్పండి, ఏమిటి ఇబ్బంది?" అన్నాడు.

సత్యభామ గోడ మీద చేపల బొమ్మ వైపు చూసింది. ఎదురుగా మగ డాక్టరు. పక్కన చిన్నపిల్ల. గొంతు సగానికి తగ్గించింది.

"మళ్ళీ బయట చేరుతున్నానని చెప్పు. రెణ్ణెల్లయింది. ఒకసారి చేరితే వారం దాకా లోపలికి రావట్లా. నీరసంగా ఉంటోంది."

ఇప్పుడు మీరే అనన్య కుర్చీలో కూర్చోండి. నానమ్మ బయట ఉంటోంది, నిజమే, కళ్ళారా చూస్తూనే ఉంది. వారమేసి రోజులు లోపలికి రావట్లేదు, అదీ నిజమే. సందేహం రావడానికి సందు లేదు. చక్కగా చెప్పింది, ఆవిడ రెండు నెలలుగా ఇంటి బయట ఉంటున్నారు, ఒక్కోసారి వారం దాకా లోపలికి రావట్లేదు, నీరసపడిపోయారు అని.

డాక్టరు టైపు చెయ్యడం ఆపాడు. "బయటా? ఎందుకు? లోపలికి ఎవరైనా రానివ్వట్లేదా?"

"నానమ్మా, లోపలికి రావద్దని ఎవరన్నా అంటున్నారా అని అడుగుతున్నారు."

"ఒకళ్ళు చెప్పాలా ఏంటి? నాకు తెలీదూ? పద్ధతి."

"ఎవరూ చెప్పక్కర్లేదట. ఇట్స్ ద రూల్."

"ఎవరి రూలు?"

"నానమ్మా, ఈ పద్ధతి ఎవరిది?"

"మా అత్తగారు నేర్పింది. ఆవిడ దగ్గర కిక్కురుమంటే కుదిరేదా?"

"మదర్ ఇన్ లా రూల్ అట," అంది అనన్య. ఆ అత్తగారు పోయి ముప్ఫై ఏళ్ళయిందన్న ముక్క ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. రక్తపరీక్షకి చీటీ రాశాడు. ఎండలో ఉంటున్నారు కాబట్టి డి విటమిన్‌కి లోటు ఉండదన్నాడు. తర్వాత చాలాసేపు, చాలా జాగ్రత్తగా ఏదో టైపు చేశాడు. బయటికి వస్తుంటే, "మీ ఇంటికి ఒకరు వస్తారు, మంచి మనిషి, భయపడకండి," అన్నాడు.

సత్యభామకి ప్రాణం తేలికపడింది. "చూశావా, ఎంత మర్యాదస్తుడో! ఒక్క ప్రశ్న కూడా ఎక్కువ అడగలా. పైగా ఇంటికే మనిషిని పంపిస్తాడంట."

"ఐ నో, రైట్?" అంది అనన్య.

గురువారం మధ్యాహ్నం ఆ మంచి మనిషి వచ్చింది. పేరు ట్రిష్. మెడలో కార్డు, చేతిలో ఫైలు. ఇంట్లో ముసలివాళ్ళని ఎవరైనా బాధపెడుతుంటే కనిపెట్టి ఆదుకునే ఉద్యోగం. తలుపు తీసింది అనన్య. అమ్మ మీటింగులో ఉంది, నానమ్మ వెనకాల ఉందని చెప్పి తీసుకెళ్ళింది.

ట్రిష్ వరండాలో అడుగుపెట్టి చూసింది. మడత మంచం. చాప. విడిగా కంచం, విడిగా గ్లాసు. తీగ మీద విడిగా ఒక తువ్వాలు. అన్నిటి మధ్యా, అద్దాల తలుపుకి ఇవతల, ఒక పెద్దావిడ. ట్రిష్ కళ్ళు తడిశాయి. చెయ్యి చాపి ముందుకి వచ్చింది.

సత్యభామ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. "అయ్యయ్యో, నన్ను ముట్టుకోకూడదని చెప్పవే!"

"ఆవిణ్ణి ఎవరూ ముట్టుకోకూడదట," అంది అనన్య. అన్నాక మొదటిసారి ఆ మాట తన చెవికే తేడాగా తగిలింది.

ట్రిష్ గబగబా రాసుకుంది. అప్పుడే శ్యామసుందరి హెడ్‌సెట్ మెడలోకి జార్చుకుని వచ్చింది. ఎవరు మీరు, ఏమిటి ఇది అని అడిగింది. ట్రిష్ నిదానంగా, ప్రతి మాటా తూచి చెప్పింది. మీ అత్తగారిని రెండు నెలలుగా ఇంట్లోకి రానివ్వట్లేదని తెలిసింది, ఇంట్లో మదర్ ఇన్ లాకని రూలు ఒకటి పెట్టారని కూడా తెలిసింది, మీ వైపు మాట కూడా వింటాను.

శ్యామసుందరి మైకు ఆపేసింది. మెడలో హెడ్‌సెట్‌లోంచి ఎవరో "సుందరీ, యూ దేర్?" అంటున్నారు.

"ఎవరు చెప్పారు ఇదంతా?"

"మీ అమ్మాయే."

"ఏం చెప్పావే?"

"నానమ్మ చెప్పిందే చెప్పాను! ట్యూజ్‌డే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. నీకు చెప్పద్దంది. మళ్ళీ బయట చేరుతున్నాను అంది, ఒకసారి చేరితే వారం దాకా లోపలికి రావట్లా అంది. అదే చెప్పాను. వాట్? వాట్ డిడ్ ఐ డూ?"

శ్యామసుందరి కూతురి వైపు కాదు, మంచం వైపు చూసింది. కంచం వైపు చూసింది. గ్లాసు వైపు, తువ్వాలు వైపు. ముందు నవ్వొచ్చింది ఆవిడకి, పొట్ట పట్టుకునేంత నవ్వు. "ఓసి పిచ్చిదానా! బయట అంటే బయట కాదే! పీరియడ్స్ వస్తే అట్లా అంటారు మన ఊళ్ళో. పూజగదికీ వంటింటికీ దూరంగా కూర్చుంటారు. మా అమ్మా అంతే..." అంటూ అంటూ ఆగిపోయింది. నవ్వు ముఖం మీదే చచ్చిపోయింది.

"అత్తయ్యా. మీకెప్పుడో ఆగిపోయింది కదా?"

సత్యభామ పెరట్లో ఎర్రపూల పొద వైపు చూస్తూ కూర్చుంది.

"ఎప్పుడు ఆగిపోయింది?"

"పదకొండేళ్ళయింది."

"మరి ఇప్పుడు రెణ్ణెల్లుగా...?"

"ఈ వయసులో సిగ్గుచేటని నేనే అనలా. ఏం చెప్పుకోను? అబ్బాయికి తెలిస్తే? ఏదో వేడి చేసి ఉంటుందని మజ్జిగ తాగుతున్నా."

అనన్య అప్పటికే ఫోను తీసి వెతికేసింది. యూనిలో పాఠం కూడా గుర్తుకొచ్చింది, పరీక్షకి బట్టీ పట్టిన ముక్క. ముట్లుడిగిన ఏళ్ళకి మళ్ళీ రక్తం కనిపిస్తే అది నెలసరి కాదు. ఏమీ కాకపోవచ్చు, గర్భసంచి క్యాన్సరూ కావచ్చు. ఏదైనా ఆలస్యం చెయ్యకూడదు. రెండు నెలలు అప్పుడే పోయాయి, అందులో రెండు రోజులు తన నోటి మీదుగా.

"ఐ టోల్డ్ హిమ్ షీ వాజ్ అవుట్‌సైడ్," అంది. ఎవరితో అందో ఎవరికీ తెలియదు. "ఐ సెడ్ ఇట్ సో కాన్ఫిడెంట్లీ."

ట్రిష్‌కి సంగతి చెప్పారు. ఫైలు మూసేసింది. ఒక్క ప్రశ్న అడిగింది, అదే అసలు ప్రశ్న. "క్లినిక్కులో ఇంటర్‌ప్రిటర్‌ని ఎందుకు పిలవలేదు?" ఫోను చేస్తే చాలు, ప్రభుత్వం ఖర్చు మీద, నిమిషాల్లో తెలుగు మనిషి దొరుకుతుందని ట్రిష్ చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతే తెలియదు. తెలియాల్సింది వీళ్ళకా? గోడకి స్వాగతాలు అంటించినవాళ్ళకా? ట్రిష్ అక్కడే నిలబడి క్లినిక్కుకి ఫోను చేసింది. గొంతు పెంచకుండా గట్టిగా మాట్లాడే విద్య ఆవిడకి బాగా వచ్చు. మర్నాడు పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంటు దొరికింది.

శుక్రవారం ముగ్గురూ వెళ్ళారు. రిసెప్షన్ ఆవిడ నవ్వుతూ, "మనవరాలు వచ్చిందిగా, ఇంకేం," అంది.

"నో," అంది అనన్య. "ఇవాళ నేను మనవరాల్ని మాత్రమే. ఇంటర్‌ప్రిటర్ కావాలి. లేడీ. తెలుగు."

"తమిళా?"

"తెలుగు."

"రెండూ ఒకటే కాదూ?"

"మీ ఇంగ్లీషూ జర్మనూ ఒకటేనా?"

డాక్టరు హోలిస్ ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు. నాలుగు నిమిషాలు ఏదో పాట వాయించారు. తర్వాత ఒక ఆడగొంతు వచ్చింది, పక్కింట్లోంచి పిలిచినట్టు.

"నమస్తే అమ్మా. నేను దుబాసీని. మీరు చెప్పింది చెప్పినట్టే డాక్టరుగారికి చెప్తాను. ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క దాచను. ఇక్కడి మాట ఎక్కడా అనను. సరేనామ్మా?"

సత్యభామ ఫోను వైపు వంగింది. "ఎవరమ్మాయివే తల్లీ నువ్వు?"

"ఏసుమణి అంటారండి. మిగతావి చెప్పకూడదు, రూలు."

"మాట చూస్తే చీరాల వైపులా ఉందే?"

"రూలమ్మా," అంది గొంతు, నవ్వు ఆపుకుంటూ. "ముందు మీ సంగతి చెప్పండి."

సత్యభామ మనవరాలి వైపు చూసింది. అనన్య లేచి వెళ్ళి తలుపు బయట నిలబడింది. ఎవరూ వెళ్ళమనలేదు. బయట నిలబడితేనే నానమ్మ నోరు విప్పుతుందని ఆ పిల్లకి ఇంత చదువూ చదివాక ఆ క్షణాన తెలిసింది. తలుపు పల్చన, ఎలాగూ అన్నీ వినపడ్డాయి.

"మళ్ళీ బయట చేరుతున్నానమ్మా."

"బయట అంటే నెలసరేనా అమ్మా? ఆగిపోయాక మళ్ళీ వస్తోందా?"

"ఆఁ. అదే. హమ్మయ్య, నీకు తెలుసు."

ఏసుమణి ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పింది. లోపల కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత డాక్టరు అడిగినవన్నీ మంగళవారమే అడగాల్సిన ప్రశ్నలు. ఎంత పోతోంది, గడ్డలుగా పోతోందా, నొప్పి ఉందా, బరువు తగ్గారా. సత్యభామ అన్నిటికీ గలగలా చెప్పింది. రెండు నెలలు నోరు కట్టుకున్న మనిషి. గడ్డలు గడ్డలుగా పోయిన రోజు సంగతి కూడా చెప్పింది, అది విని శ్యామసుందరి ముక్కు చీదుకుంది.

చివర్లో డాక్టరు అన్న మాటని ఏసుమణి తెలుగులో చెప్పింది, "నేను ఆ రోజే అడిగి ఉండాల్సింది, నన్ను క్షమించండి అంటున్నారమ్మా." సత్యభామ గొప్పగా, "సర్లే, పోనిమ్మను," అంది.

ఆ రాత్రే అనన్య తన అసైన్‌మెంటు తెరిచింది. కిలోమీటర్ల మ్యాపులన్నీ ఒక పక్కకి జరిపి మొదటి వాక్యం కొత్తగా రాసింది. రోడ్డుంది, కారుంది, కార్డుంది, డాక్టరున్నాడు, మాట లేదు. ఇంగ్లీషులోనే రాసిందనుకోండి. మార్కులు ఎన్నొచ్చాయో మనకి అనవసరం.

వారంలో స్కాన్ తీశారు. గర్భసంచి లోపలి పొర ఉండాల్సినదాని కన్నా మందంగా ఉందన్నారు. అదేమిటో తేలాలంటే మత్తు ఇచ్చి, లోపలికి కెమెరా పంపి, ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. పెద్దాసుపత్రిలో తేదీ ఇచ్చారు. అనన్య ముందే ఫోను చేసి తెలుగు మనిషి కావాలని చెప్పింది. అటువైపు ఎవరో "షూర్, షూర్" అన్నారు.

ఆ పొద్దున సత్యభామ, ఇంకో నలుగురు రోగులున్న గదిలో, ఆసుపత్రి గౌను వేసుకుని, పైన శాలువా కప్పుకుని మంచం మీద కూర్చుంది. మల్లికార్జున గనుల నుంచి విమానంలో వచ్చేశాడు, అమ్మ కాళ్ళ దగ్గర నిలబడి ఏం మాట్లాడాలో తెలియక దుప్పటి సర్దుతున్నాడు. కుర్ర డాక్టరొకడు పరుగులాంటి నడకతో వచ్చాడు. చేతిలో నాలుగు కాగితాలు, నిండా సన్న అక్షరాలు.

"ఇక్కడొక సంతకం. ఆపరేషన్ గది సిద్ధంగా ఉంది, వెనకాల ఇంకా ముగ్గురున్నారు." అనన్య వైపు తిరిగాడు. "నీ ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉంది. నానమ్మగారికి క్లుప్తంగా చెప్పేసెయ్."

"ఇంటర్‌ప్రిటర్‌ని బుక్ చేశాం కదా?"

"చేసినట్టు కనపడట్లేదు. అడిగితే ఇంకో అరగంట. లిస్టులో ఆవిణ్ణి చివరికి తోసేస్తారు, తెలుసుగా."

అనన్యకి మాట నోటిదాకా వచ్చింది. చెప్పగలదు కూడా. కెమెరా, ముక్క, మత్తు, అన్నీ వచ్చు. 'ఒకవేళ లోపల ఏదైనా దెబ్బ తగిలితే అప్పటికప్పుడు పొట్ట కోసి చూస్తాం, దానికీ ఇప్పుడే ఒప్పుకోవాలి' అన్న మూడో పేజీ వాక్యాన్ని తెలుగులో ఏమనాలి? నానమ్మ "సరే" అంటే దేనికి సరే అన్నట్టు?

"సంతకం పెట్టండి అత్తయ్యా, ఆలస్యమవుతుంది," అంది శ్యామసుందరి.

"పెట్టమ్మా, ఏం కాదు," అన్నాడు కొడుకు.

సత్యభామ కలం తీసుకుంది. కాగితం మొదటినుంచి చివరిదాకా వేలుపెట్టి చూసింది, ఒక్క అక్షరమన్నా తన అక్షరం కనపడుతుందేమోనని. కలానికి మూత పెట్టేసి ఒళ్ళో పెట్టుకుంది.

"అనూ, నువ్వు మాట్లాడకు. నేనే చెప్తా," అని కుర్ర డాక్టరు వైపు తిరిగింది. వాడికి అర్థం కాదని తెలిసీ తెలుగులోనే, గట్టిగా, ఆ గదిలో ఉన్న నలుగురు రోగులకీ వాళ్ళ వాళ్ళకీ వినపడేలా చెప్పింది.

"చూడు నాయనా. కొయ్యబోయేది నా ఒళ్ళు. ఏం చేస్తావో నాకు చెప్పు. నా కొడుక్కి కాదు, కోడలికి కాదు, ఈ చిన్నపిల్లకి కాదు. నాకు. నాకు అర్థమయ్యే మాటలో. ఆ మాట తెలిసిన మనిషిని పిలు. అరగంట పడితే అరగంట ఆగుతా. నన్ను చివరికి తోస్తానంటే కుదరదు, పిలవకపోవడం నా తప్పా, నీ తప్పా? ఈ నలుగురిలో ఇంకెవరికన్నా నీ మాట అర్థం కాకపోతే వాళ్ళకీ పిలు. ముందు ఫోను చెయ్యి. ఇప్పుడే. నా ముందే."